రెండేసి, పదేసి, ఐదేసి: చిన్న పిల్లలకు స్కిప్ కౌంటింగ్ ఎలా నేర్పాలి

రెండో తరగతి పాప ఒకతి నా ముందు నిలబడి "రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది..." అని ఇరవై దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. మెచ్చుకుని, గది బయట విప్పిన చెప్పులు చూపించి "ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమ్మా" అన్నాను. ఏడు జతలున్నాయి. పాప వంగి ఒక్కో చెప్పునూ వేలితో ముట్టుకుంటూ "ఒకటి, రెండు, మూడు" అని పద్నాలుగు దాకా లెక్కపెట్టింది. ఇప్పుడే చెప్పిన రెండు, నాలుగు, ఆరు ఆ చెప్పులకు పనికొస్తాయని ఆమెకు తట్టనే లేదు. తప్పు నాది. అంతకుముందు రెండు నెలలు నేను ఆ పిల్లలకు ఒక పాట నేర్పి, లెక్క నేర్పాననుకున్నాను.

తిరుపతికి దగ్గరలో ఒక పల్లె బడిలో ఒకటి, రెండు తరగతులు కలిపి చెబుతున్నాను. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: చేతికి వస్తువు అందేదాకా నోటికి వరస ఇవ్వకూడదు. కింద రాసిందంతా ఆ నియమం మీద నడిచేదే. తరగతిలో పది మంది ఉన్నా, ముప్పై మంది ఉన్నా చేయవచ్చు. రోజుకు 20 నిమిషాలు చాలు. రెండేసి, పదేసి, ఐదేసి మూడూ కుదురుకోవడానికి నా తరగతిలో ఐదారు వారాలు పడుతుంది. పరీక్షలు దగ్గర పడ్డాయని టెన్షన్‌తో దీన్ని వారంలో ముగించాలని చూడకండి.

మొదలుపెట్టే ముందు

ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి గుప్పెడు చింతగింజలు ఇచ్చి ఎంచమనండి. మా వైపు లెక్కపెట్టడాన్ని ఎంచడం అనే అంటారు, పిల్లలకు ఆ మాటే దగ్గర. ముప్పై దాకా గింజకు ఒక అంకె చొప్పున తప్పకుండా చెబుతున్నారా చూడండి. ఎంచడం అయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. చివర చెప్పిన అంకెనే చెబితే సరే. మళ్లీ మొదటి నుంచి ఎంచడం మొదలుపెడితే, ఆ బిడ్డకు 'మొత్తం' అనే మాట ఇంకా అందలేదని అర్థం. అలాంటి పిల్లలకు ఇంకో వారం ఒంట్లతోనే, గింజలతోనే పని చెప్పండి. ఇది దాటకుండా రెండేసికి తీసుకుపోతే వాళ్లు వరస బట్టీ పట్టి తప్పించుకుంటారు, మనకు మూడో తరగతి దాకా తెలియదు.

కావాల్సినవి చింతగింజలు, కొబ్బరి చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, సుద్దముక్కలు, మధ్యాహ్న భోజనానికి గుడ్లు వచ్చే అట్ట ట్రే. ట్రే ఖాళీ అయ్యాక వంట చేసే ఆమెను అడిగితే ఇస్తుంది. ఒకటో తరగతి పిల్లలకు గింజల బదులు కాస్త పెద్ద గులకరాళ్లు ఇవ్వండి. గింజలు ముక్కులో, చెవిలో పెట్టుకునే వయసు అది.

చెప్పుల జతలతో రెండేసి

పిల్లల ఒంటి మీదే జతలున్నాయి: కళ్లు, చెవులు, చేతులు, కాళ్లు. అయినా నాకు చెప్పులే నచ్చుతాయి. అవి విడిపోతాయి, మళ్లీ జత కలుస్తాయి, అటూ ఇటూ జరుగుతాయి.

మొదటి రోజు అందరి చెప్పులూ వరండాలో ఒకే కుప్పగా వేయించండి. "ఎవరి జత వాళ్లు వెతికి గోడ వెంట వరసగా పెట్టండి" అనండి. ఈ వెతుకులాటకే పది నిమిషాలు పోతుంది. పోనివ్వండి. రెండు కలిస్తే ఒక జత అన్న సంగతి అప్పుడే చేతికి తెలుస్తుంది.

తర్వాత వరస వెంట నడుస్తూ ఒక్కో చెప్పునూ చూపించండి. మొదటి చెప్పుకు "ఒకటి" అని గుసగుసగా, రెండో చెప్పుకు "రెండు" అని గట్టిగా చెప్పాలి. మూడు గుసగుస, నాలుగు గట్టిగా. గుసగుసలంటే పిల్లలకు సరదా కాబట్టి వెంటనే అందుకుంటారు. మూడు నాలుగు రోజులు ఇలాగే సాగనివ్వండి. ఆ తర్వాత గుసగుస మాటను మింగేయమనండి: పెదవులు కదలాలి, శబ్దం రాకూడదు. ఇప్పుడు బయటికి వినిపించేది రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది మాత్రమే. మూడు, ఐదు ఎక్కడికీ పోలేదని, లోపలే ఉన్నాయని ప్రతి బిడ్డకూ తెలుసు. ఆ నాలుగు రోజులూ దీనికోసమే.

ఆపైన రెండు వేళ్లు చాపి, జతను ఒక్కసారే తాకుతూ లెక్క. ఒక తాకుడుకు ఒక మాట. నోరు చేతికంటే ముందు పోతే అక్కడే ఆపి, మళ్లీ మొదటి జత దగ్గరికి తీసుకురండి.

తెలుగులో మనకో సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోండి. "తలా రెండేసి చిక్కీలు తీసుకోండి" అంటే ఏ బిడ్డకూ వివరం చెప్పనక్కర్లేదు. గుంపులు చేయాలన్న సంగతి ఆ 'ఏసి'లోనే ఉంది. అందుకే నేను "రెండేసి ఎంచు", "ఐదేసి పెట్టు" అనే అంటాను. స్కిప్ కౌంటింగ్ అనే పేరు పుస్తకం తెరిచినప్పుడు చెబితే సరిపోతుంది.

ఒకటి మిగిలితే

ఆరు జతలు వరసగా పెట్టి, చివర ఒంటి చెప్పు ఒకటి పెట్టండి. పిల్లలు "పది, పన్నెండు" అంటూ వచ్చి, ఆ ఒంటి చెప్పు దగ్గర "పద్నాలుగు" అంటారు. సగం తరగతి అంటుంది. వెంటనే తప్పు అనకండి. "పద్నాలుగో చెప్పు ఏదీ, చూపించు నాయనా" అనండి.

ఒక అబ్బాయి వరండా చివరిదాకా పోయి వెతికొచ్చి, "లేదు టీచర్, ఎవరో ఒక చెప్పే వేసుకుని పోయినారు" అన్నాడు. "అయితే ఇక్కడ ఎన్ని ఉన్నట్టు?" అని అడిగాను. ఆ ఒంటి చెప్పు వైపు చూస్తూ "పన్నెండు..." అని ఆగాడు. కాలి బొటనవేలితో చెప్పును కొంచెం ముందుకు తోశాడు. "పదమూడు" అన్నాడు. పన్నెండుకూ పదమూడుకూ మధ్య అతను ఆగిన ఆ కాస్త సేపు కోసమే నేను ఈ మెట్టును మూడు రోజులు సాగదీస్తాను. రెండేసి పోతున్నవాడు అవసరమైన చోట ఒకటికి మారగలిగితే, అతను వరస పాడటం లేదు, ఎంచుతున్నాడు.

ఇదే పాఠానికి శనక్కాయలు కూడా పనికొస్తాయి. ఇద్దరిద్దరికి పది కాయలిచ్చి, "కాయకు రెండేసి గింజలుంటే ఎన్ని?" అని ముందు చెప్పించి, తర్వాత ఒలిపించండి. ఇరవై అన్నవాళ్లకు పద్దెనిమిదో, ఇరవై ఒకటో వస్తుంది. ఒంటి గింజ కాయ, మూడు గింజల కాయ ఎక్కడో ఒకటి ఉంటుంది కదా. తేడా ఎక్కడ వచ్చిందో పిల్లలే తొక్కలు చూసి చెబుతారు. లెక్క తేలాక తినేయవచ్చు.

పుల్లల కట్టలతో పదేసి

రెండేసి తర్వాత చాలామంది ఐదేసికి పోతారు. నేను పదేసికి పోతాను, ఎందుకంటే పదుల కట్ట తెలిసిన పిల్లలకు ఐదు అందులో సగంగా దొరుకుతుంది.

చీపురు పుల్లలు జానెడు ముక్కలుగా విరిచి ఉంచండి. ఒక్కొక్కరూ పది ఎంచుకుని రబ్బరు బ్యాండు వేసి కట్ట కట్టాలి. టీచర్ కట్టిపెట్టిన కట్టలు వద్దు. మీరు కట్టిన కట్టలో పది ఉన్నాయని పిల్లవాడు నమ్మాల్సి వస్తుంది. తను కట్టినదాంట్లో పది ఉన్నాయని వాడికి తెలుసు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి కట్టను బల్ల మీద పెడుతూ ఉంటే, అందరూ "పది, ఇరవై, ముప్పై" అని చెప్పాలి.

ఇక్కడ తెలుగు మాటలే ఒక చిక్కు పెడతాయి. ఇరవై, అరవై పిల్లల చెవికి ఒకేలా ఉంటాయి. యాభై దాకా బాగానే వచ్చి, ఆ తర్వాత "ఇరవై" అని వెనక్కి జారి, మళ్లీ ముప్పై అందుకునే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. డెబ్బై, ఎనభై కూడా తారుమారవుతాయి. పలుకు దిద్దడం ఒక్కటే చాలదు. ఒక చేతిలో రెండు కట్టలు, ఇంకో చేతిలో ఆరు కట్టలు పట్టించి, "రెండు పదులు ఇరవై, ఆరు పదులు అరవై" అని చెప్పించండి. బరువు తేడా అరచేతికి తెలిశాక ఆ తప్పు తగ్గుతుంది.

పుస్తకాల్లో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్నాయి కాబట్టి ఏ భాషలో ఎంచాలన్న ప్రశ్న వస్తుంది. ముందు ఇంటి భాషలో, ఆ తర్వాత అవే కట్టలతో ఇంగ్లీషులో చేయించండి. ఒకే వరసలో రెండూ కలపొద్దు. సిక్స్టీన్, సిక్స్టీ అనేవి మన ఇరవై, అరవైల కంటే పెద్ద చిక్కు. దానికీ మందు కట్టలే: ఒక కట్ట, ఆరు విడి పుల్లలు సిక్స్టీన్. ఆరు కట్టలు సిక్స్టీ. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఉంటారు. వాళ్లు "రెండు, నాలు, ఆరు, ఎట్టు, పత్తు" అని ఎంచితే ఎంచనివ్వండి. అది కూడా లెక్కే, పైగా మన అంకెలకు చుట్టమే.

వంద దాకా కుదిరాక మూడు విడి పుల్లలు పక్కన పెట్టి కట్టలు కలుపుతూ పోండి: మూడు, పదమూడు, ఇరవై మూడు, ముప్పై మూడు. పాటగా నేర్చినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. పుల్లలు కట్టినవాళ్లకు విడి పుల్లలు మూడూ కదలకుండా అక్కడే కనిపిస్తుంటాయి.

చేతులతో ఐదేసి

ఇది త్వరగా వచ్చేస్తుంది. పిల్లలు వరసగా నిలబడి ఒక్కొక్కరు ఒక్కో చెయ్యి ఎత్తాలి: ఐదు, పది, పదిహేను. తర్వాత పక్కపక్క పిల్లలు ఇద్దరు అరచేతులు కలిపి పైకెత్తితే అది పది. ఐదేసి ఎంచినా, పదేసి ఎంచినా మొత్తం ఒకటే అని అందరి చేతులూ చూపిస్తాయి. రెండో తరగతిలో గోడ గడియారం దగ్గరికి తీసుకుపోయి నిమిషాల ముల్లు ఒక అంకె నుంచి ఇంకో అంకెకు జరిగితే ఐదు నిమిషాలని చెప్పండి. పన్నెండుకు చేరేసరికి అరవై.

నేల మీద గంతులు

సుద్దముక్కతో నేల మీద పొడవైన గీత గీసి, అడుగుకు ఒక అడ్డుగీత పెట్టి 0 నుంచి 30 దాకా రాయండి. గళ్లు గీయకండి, గీతలే గీయండి. గళ్లు గీస్తే, తాము నిలబడ్డ గడినే "ఒకటి" అని మొదలుపెడతారు. రెండు అడుగుల గంతు వేయమంటే ఒకటో గడిలో దిగుతారు. "నిలబడిన చోటుకు లెక్క లేదు, గంతుకే లెక్క" అని చెప్పి, సున్నా మీద రెండు పాదాలూ ఆనించి నిలబెట్టండి.

ఒకరు గంతు వేస్తుంటే మిగతావాళ్లు దిగబోయే అంకెను గంతుకు ముందే చెప్పాలి, దిగాక కాదు. అప్పుడే కూర్చున్నవాళ్ల బుర్రలు కూడా పని చేస్తాయి. సున్నా నుంచి రెండేసి బాగా వచ్చాక మూడు మీద నిలబెట్టి రెండేసి వేయించండి: మూడు, ఐదు, ఏడు. ఇది విని "తప్పు టీచర్" అని అరిచే పిల్లలుంటారు. వాళ్లను లోపలికి పిలిచి వేయమనండి. ఆ తర్వాత ఇరవై నుంచి వెనక్కి. వెనక్కి గంతులు వేస్తే పడతారు కాబట్టి ఒళ్లు తిప్పి, ముందుకే గంతు వేస్తూ వెనక్కి ఎంచమనండి. వెనక్కి ఎంచగలిగితే తీసివేత, భాగహారం వచ్చినప్పుడు ఆ బిడ్డ బెదరదు.

వంద గళ్ల పట్టిక

ఇప్పటిదాకా చేతులూ కాళ్లూ నేర్చినదాన్ని ఇప్పుడు కళ్లకు చూపించవచ్చు. చార్టు మీద పది వరసలు, వరసకు పది గళ్లు గీసి 1 నుంచి 100 రాయండి. ఇద్దరిద్దరికి ఒకటి ఉంటే మేలు. పెద్ద తరగతి పిల్లలతో గీయించుకోవచ్చు.

రెండేసి ఎంచుతూ దిగిన ప్రతి గడిలో ఒక చింతగింజ పెట్టమనండి. మూడో వరసకు వచ్చేసరికి గదిలో చప్పుడు మారుతుంది. గింజలు నిట్టనిలువుగా ఐదు వరసలు కడుతున్నాయని ఎవరో ఒకరు కనిపెడతారు. మీరు చెప్పకండి, ఎంత నోరూరినా ఆగండి. కనిపెట్టిన బిడ్డ ఎంచడం మానేసి గింజలు పైనుంచి కిందికి గబగబా పేర్చడం మొదలుపెడుతుంది. అప్పుడు అడగండి: "37 మీద గింజ పడుతుందా?" ఎందుకు పడదో చెప్పమనండి. సరిసంఖ్య, బేసిసంఖ్య అనే మాటలు చెప్పడానికి అదే సమయం, అంతకంటే ముందు వద్దు.

పదేసికి చివరి నిలువు వరస ఒక్కటే నిండుతుంది. ఐదేసికి రెండు నిలువు వరసలు, అన్నీ 5తోనో 0తోనో ముగుస్తాయి. మూడేసి పెడితే గింజలు కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా దిగుతాయి. నాలుగేసి పెడితే ఒక వరసలో 4, 8, కింది వరసలో 12, 16, 20, మళ్లీ 24, 28, అలా ముగ్గు చుక్కల్లా ఎడంగా పడతాయి. మా పాపలు దాన్ని చూసి ముగ్గే అన్నారు. అప్పటి నుంచి మా తరగతిలో ప్రతి లెక్కకూ ఒక ముగ్గు ఉంది.

తరగతిలో మూడో తరగతి పిల్లలు కూడా ఉంటే వాళ్లకు ఈ ప్రశ్న ఇవ్వండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. రెండేసి ఎక్కితే రెండు దారుల్లోనూ చివరి మెట్టు మీద సరిగ్గా దిగుతామా? ఐదేసి అయితే ఏ దారిలో కొన్ని మెట్లు మిగిలిపోతాయి? మా పిల్లల్లో సగం మంది కొండకు నడిచి వెళ్లినవాళ్లే, మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే అవ్వలను చూసినవాళ్లే. జవాబు చివరి అంకెలో ఉందని కనిపెట్టడానికి వాళ్లకు ఎంతోసేపు పట్టలేదు.

మూడేసి, నాలుగేసి

మూడేసికి ఆటో చక్రాలు, మారేడు దళాలు. శ్రీకాళహస్తి వెళ్లొచ్చిన పిల్లలకు మారేడు దళానికి మూడు ఆకులని చెప్పనక్కర్లేదు. పది దళాలు తెచ్చి పరిస్తే ముప్పై. మూడేసిలో వరస వినడానికి రెండేసి అంత తేలిగ్గా ఉండదు కాబట్టి తాళం సాయం తీసుకోండి. "తకిట తకిట" అంటూ రెండు దెబ్బలు తొడ మీద, మూడోది చప్పట్లు. చప్పట్లు పడినప్పుడే అంకె బయటికి చెప్పాలి. నాలుగేసికి "తకధిమి". భజనలు, కోలాటాలు చూస్తూ పెరిగే పిల్లలకు ఇది పట్టుబడటానికి రెండు రోజులు చాలు.

నాలుగేసిని నాకు ఒక పాప నేర్పింది. వాళ్లమ్మ తిరుచానూరు దగ్గర పూలు కట్టి అమ్ముతుంది. సాయంత్రాలు ఈ పాప అమ్మకు మొగ్గలు అందిస్తుంది: రెండు ఇటు తలలు, రెండు అటు తలలు, ముడి. మళ్లీ రెండు, రెండు, ముడి. తరగతిలో మిగతావాళ్లు నాలుగు, ఎనిమిది దగ్గర వేళ్లు ముడుస్తుంటే, ఈ పాప చేతులు దారం పట్టుకున్నట్టు కదులుతూ, "పన్నెండు, పదహారు, ఇరవై" అని నిదానంగా చెప్పింది. మీ తరగతిలోనూ ఇలాంటి పిల్లలుంటారు. ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో అడిగి తెలుసుకోండి. గింజలతో ఆడేటప్పుడు నాలుగింటిని పుంజీ అనే అవ్వలు ఇంకా ఉన్న ఊళ్లయితే, ఆ మాటను కూడా తరగతిలోకి తెచ్చుకోండి.

కోరస్ మాటున దాక్కునేవాళ్లు

అందరూ కలిసి చెప్పేటప్పుడు గట్టిగా అరిచే ఐదుగురి వెనక పది మంది పెదవులు ఆడిస్తూ దాక్కుంటారు. రెండు తరగతులు కలిసి ఉంటే పెద్దవాళ్లే అన్నీ చెప్పేస్తారు. అందుకని రోజూ నలుగురిని విడిగా పిలిచి, కొత్త వస్తువులిచ్చి ఎంచమనండి. వారం, వారంన్నరలో అందరూ వచ్చేస్తారు. వేళ్లు ముడిచి ఎంచే బిడ్డను వారించకండి, ఆ వేళ్లు వాటంతటవే ఆగిపోతాయి.

చిల్లర

అందరికీ మూడు లెక్కలూ వచ్చాక ఒక కాగితం మీద చిల్లర పోయండి: పది రూపాయల బిళ్లలు మూడు, ఐదువి రెండు, రెండువి రెండు, రూపాయి ఒకటి. ముందు పెద్దవి ఒక పక్కకు ఏరుకోమనండి. "పది, ఇరవై, ముప్పై, ముప్పై ఐదు, నలభై, నలభై రెండు, నలభై నాలుగు, నలభై ఐదు." ఒకే కుప్పలో మూడుసార్లు అడుగు మార్చాలి. ఒంటి చెప్పు దగ్గర ఆగి ఆలోచించిన పిల్లలే ఇక్కడ నిలబడతారు. తడబడితే కోపం వద్దు, రెండు రకాల బిళ్లలతో మళ్లీ మొదలుపెట్టండి. యాభైల లెక్క కావాలంటే కొండ మీద అదనంగా కొనుక్కునే లడ్డూలున్నాయి, ఒకటి 50 రూపాయలు. నాలుగు లడ్డూలకు ఎంతో ఇంట్లో చెప్పమంటే ఇంటిల్లిపాదీ సరి చూస్తారు.

గుడ్ల ట్రే

గుడ్ల ట్రేలో 30 గుంటలు: ఆరు వరసలు, వరసకు ఐదు. వరసకు ఐదేసి గింజలు వేయిస్తూ ఎంచమనండి: ఐదు, పది, పదిహేను, ఇరవై, ఇరవై ఐదు, ముప్పై. ఇప్పుడు గింజలు ఒలికిపోకుండా ట్రేను అడ్డంగా తిప్పి పెట్టండి. వరసకు ఆరు, ఐదు వరసలు. "ఇప్పుడు ఆరేసి ఎంచండి" అనండి. ఆరేసి ఎప్పుడూ నేర్పలేదని భయపడకండి. ఆరు, పన్నెండు దాకా వస్తుంది, ఆ తర్వాత గుసగుసతో అందుకుంటారు: పద్దెనిమిది, ఇరవై నాలుగు, ముప్పై.

"మళ్లీ ముప్పయ్యే!" అని ఒకరు అరుస్తారు. ఇంకొకరు లేచి, ట్రేను తమ చేత్తో మళ్లీ తిప్పి చూస్తారు. తిప్పనివ్వండి, ఎన్నిసార్లు తిప్పినా పర్వాలేదు. ఆ పక్కనే బోర్డు మీద ఐదో ఎక్కంలో ఆ ఒక్క వరస రాయండి: ఐదు ఆర్లు ముప్పై. కింద ఇంకోటి: ఆరు ఐదులు ముప్పై. బోర్డునూ ట్రేనూ మార్చి మార్చి చూసేందుకు వాళ్లకు ఆ పీరియడ్ అంతా ఇచ్చేయండి. మర్నాడు ఎక్కాల పుస్తకం తెరవవచ్చు.